అంగడి నోరు

గోల్ కొట్టినవాడు తల వంచుకుని వెనక్కి నడిచిపోవాలని మీకు ఎవరు నేర్పారు?

మిమ్మల్నే అడుగుతున్నాను. తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి. ఇలాంటి ప్రశ్నను సభలో మైకు పట్టుకుని అడిగే ఓపిక నాకు ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు కాగితం మీద అడుగుతున్నాను.

పోయిన వారం నంద్యాల బస్టాండు ఎదుట టీ అంగట్లో కూర్చున్నాను. గోడమీది టీవీలో విదేశీ క్లబ్బుల ఫుట్‌బాల్ చూపిస్తున్నారు. పెద్ద పేరున్న ఆటగాడొకడు గోల్ కొట్టి, ఎదుటి గోల్‌కీపరు ముఖం దగ్గరికి వెళ్ళి ఏదో అన్నాడు. మాట వినపడలేదు. పెదవులు కదలడం మాత్రం తిప్పి తిప్పి చూపించారు. తెర అడుగున అక్షరాలు పరుగెత్తాయి: అభిమానుల ఆగ్రహం, క్షమాపణకు డిమాండ్. చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకున్న ఒక పెద్దాయన, "ఎన్ని దుడ్లుంటే ఏం లాభమప్పా, సంస్కారం లేనప్పుడు" అన్నాడు. పక్కన బేతంచెర్ల బండల లారీ డ్రైవరు కూర్చున్నాడు. కనుబొమల మీద కూడా తెల్లటి రాతిపొడి.

"ఏమన్నాడో నీకు ఇనపడిందా సార్?"

"ఇనపడాల్నా ఏంది? మొగం చూస్తే తెలీదా?"

"మొగం చూసి కేసులు రాస్తే మేమంతా జైల్లోనే ఉండాల."

టీ కాచే మనిషి గ్లాసులు కడుగుతూ, నా వైపు తిరగకుండానే, "మనోడుండింటే చెప్పుండేవాడన్నా, వాడేమన్నింటాడో" అన్నాడు.

మనోడంటే ఎవరో అక్కడున్న సగం మందికి తెలుసు. అతను చనిపోయి రెండు నెలలవుతోంది. తన కిరాణా అంగట్లోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నలభై దాటి ఎంతో కాలేదు. పేరు నేను రాయను. రాస్తే మీరు ముందు ఫోన్ తీసి ఆ వీడియో వెతుక్కుంటారు. అతన్ని వీడియోలో చూసింది చాలు, కాసేపు మనిషిని చూడండి.

నంద్యాల పాత బజారులో వాళ్ళ నాయన అంగడి. పప్పులు, చింతపండు, ఎండుమిరపకాయలు. సంచుల మధ్య సందులో నడవడం నేర్చుకున్నవాడు కాబట్టి డిఫెండర్ల మధ్య దారి దొరకడం తనకు కష్టం కాలేదని చెప్పేవాడు. నిజమో కాదో గాని వినడానికి బాగుండేది. చిన్నతనంలో రైల్వే వాళ్ళు ఆడుతుంటే చూసి ఫుట్‌బాల్ పట్టుకున్నాడు. జీతం ఇచ్చే క్లబ్బులకు ఆడాడు, కొన్నాళ్ళు బెంగళూరులో, కొన్నాళ్ళు కేరళలో. మోకాలు దెబ్బతిని క్లబ్బులు వదిలేశాక అంగట్లోకి వచ్చి కూర్చున్నాడు, ఊరి మ్యాచ్‌లకు మాత్రం దిగేవాడు. కూర్చున్నాడంటాను గాని అతను కూర్చోగా నేను చూసింది తక్కువ. పొట్లం కట్టేటప్పుడు దారాన్ని గాల్లోకి ఒక్క విసురు విసిరి, అది కిందికి వచ్చేలోపు పొట్లాన్ని దాని కిందికి తిప్పేవాడు. పొట్లం ముందుకు తోసి, రెండు అరచేతులూ బల్లమీద ఆనించి, కొంచెం ముందుకు వంగి అడిగేవాడు.

"ఇంగా ఏమన్నా కావాల్నా?"

గోల్ కొట్టాక కూడా సరిగ్గా ఇదే. చేతులు చాపి పరుగులు, గడ్డిమీద దొర్లడాలు ఉండవు. మోకాళ్ళమీద అరచేతులు ఆనించి, కీపరు వైపు వంగి, గిరాకీతో మాట్లాడే గొంతుతో అదే ప్రశ్న. మెత్తగా, మర్యాదగా. అందుకే ఎదుటివాడికి కాలిపోయేది.

అతని మాటలన్నీ అంగట్లోంచే వచ్చేవి. బంతి చేజార్చుకున్న డిఫెండర్‌తో "తూకం తప్పింది చూడప్పా" అనేవాడు. ఆఫ్‌సైడని చేయెత్తి రెఫరీ చుట్టూ తిరిగేవాడితో "అమ్మిన సరుకు వాపసు తీసుకోం, బోర్డు చూడలా?" అనేవాడు. లావుపాటి ఫుల్‌బ్యాక్ ఒకడు రొప్పుతూ వెంటపడితే ఆగి, వెనక్కి తిరిగి, "బేగా రాప్పా, అంగడి కట్టేసే టైమాయ" అన్నాడు. ఆ ఫుల్‌బ్యాక్ నవ్వాపుకోలేక ఆగిపోయాడు, బంతి గోల్లో పడింది. కేరళలో ఎలా చేశావని అడిగితే, "వాళ్ళు మలయాళంలో తిట్టేవాళ్ళన్నా, నేను నంద్యాల తెలుగులో చెప్పేవాణ్ణి. ఒక ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఎవురికి ఎంత కాలిందో ఇద్దరికీ తెలిసేది" అన్నాడు.

అతనికొక కట్టుబాటు ఉండేది. అంగట్లో ఆడవాళ్ళు నిలబడి ఉంటారు, పిల్లలుంటారు, పెద్దవాళ్ళుంటారు. వాళ్ళ ముందు బల్లకు ఇవతల నిలబడి అనలేని మాట మైదానంలో అనడు. అమ్మ, ఆలి, కులం, ఒంటి రంగు, అవిటితనం జోలికి పోడు. కాలి పని, చేతి పని, ఆ పూట ఆడిన ఆట, వీటి మీదే నోరు. ఇది ఏ కోచ్ నేర్పిందీ కాదు. వాళ్ళ నాయన ముప్పొద్దులా గిరాకీతో బేరమాడుతూ ఒక్కరినీ నొప్పించకుండా బతికిన పద్ధతి.

ఈ కట్టుబాటుకు అతను ఎంత విలువ ఇచ్చాడో నేను ఒకసారి చూశాను. బండల పాలిష్ పనిచేసే కుర్రవాళ్ళ జట్టొకటి నంద్యాలకు ఆడడానికి వచ్చింది. వాళ్ళ ఫార్వర్డ్ బాగా ఆడుతున్నాడు. గీత బయట నిలబడినవాళ్ళలో కొందరు ఆ కుర్రవాణ్ణి కులం పేరు పెట్టి అరవడం మొదలుపెట్టారు. ఏమన్నారో నేను రాయను, మీకు తెలుసు. రెఫరీ విన్నాడు, విననట్టు పరుగెత్తాడు. టెంటు కింద కుర్చీల్లో ఉన్న పెద్దలు నిమ్మసోడా తాగుతున్నారు. మనవాడు నడుస్తున్న ఆటలో బంతిని చేత్తో తీసుకున్నాడు. రెఫరీ ఈల వేశాడు. అతను బంతిని చంకలో పెట్టుకుని గీత దాకా నడిచి, అరుస్తున్నవాడి ముందు నిలబడ్డాడు.

"ఏందప్పా, మా అంగడికి మీ అమ్మ వస్తాది గదా. ఆమె ముందర ఇదే మాట అంటావా?"

"నీకేంది మధ్యలో? ఆటాడు పో."

"నాకేందా? నాకు నోరుండాది. ఆటాడేవాణ్ణి ఆట గురించి అంటా. నీకు ఆట తెలీదు గాబట్టి కులం అంటాండావు. దా, లోపలికొచ్చి ఆడు. నిన్ను నేనంటా, ఎట్లుంటాదో చూస్తువు."

వాడు లోపలికి రాలేదు. చేత్తో బంతి పట్టుకున్నందుకు మనవాడికి పసుపుకార్డు చూపించారు. ఆ పూట గీత బయట ఫోన్లు పట్టుకుని తీస్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ వీడియో మీకు వచ్చిందా? రాలేదు. ఎవరూ పంపలేదు. కులం పేరు పెట్టి అరిచినవాడికి క్రీడాస్ఫూర్తి లేదని ఏ పత్రికా రాయలేదు. ఈ దేశంలో క్రీడాస్ఫూర్తి అన్నది ఆడేవాడొక్కడే మోయవలసిన బరువు. చూసేవాడికి దానితో పనిలేదు.

ఇక ఆ వీడియోలో ఉన్న గోల్‌కీపరు సంగతి. ఆళ్ళగడ్డ అతను. వాళ్ళది అహోబిలంలో తరాలుగా స్వామి సేవ చేసుకుంటున్న ఇల్లు. తండ్రి గుడి వంటశాలలో ప్రసాదం వండుతాడు. కీపరు ఆళ్ళగడ్డలో సెల్‌ఫోన్లు బాగుచేస్తూనే, ఉత్సవాలప్పుడు అహోబిలం వెళ్ళి వరుసలో నిలబడ్డవాళ్ళకు దొన్నెల్లో ప్రసాదం పెడతాడు. పొడుగు చేతులు. నుదుట నామంతోనే గోల్లో నిలబడేవాడు, విరామానికల్లా చెమటకు అది ముక్కుదాకా కారేది. దసరా సెలవుల్లో నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ మ్యాచ్ అంటే జనం చూడడానికి కాదు, వినడానికి వచ్చేవాళ్ళు. కీపరు నోరూ తక్కువది కాదు. "మీ అంగట్లో చింతపండులో గింజలెక్కువ, నీ ఆటలో మాటలెక్కువ" అని గోల్లోంచే కేకేసేవాడు. ఆట అయ్యాక ఇద్దరూ ఒకే సోడా సీసా పంచుకుంటూ కనపడేవాళ్ళు.

మూడేళ్ళ కిందటి మ్యాచ్‌లో వర్షం పడి బంతి జారుతోంది. మనవాడు కొట్టిన మామూలు షాట్‌ను కీపరు రెండు చేతులా పట్టబోయాడు. బంతి వేళ్ళమధ్య నుంచి జారి లోపలికి దొర్లింది. మనవాడు మోకాళ్ళమీద చేతులు ఆనించి వంగాడు.

"ఏం స్వామీ, పులిహోర పెట్టినట్టు రెండు చేతులా పెడ్తాండావు. వచ్చినోళ్ళకంతా సరిపోతాదా? ఇంగా ఏమన్నా కావాల్నా?"

కీపరు బురదలో బోర్లా పడుకునే నవ్వాడు. నవ్వుతూనే తలెత్తి, "దొన్నె నిండా పెడ్తినిగదరా, తిని పో. మళ్ళా వరసలో నిలబడితే పెట్టను" అన్నాడు. దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఒక ఫోన్ ఇదంతా తీసింది. బయటికి వచ్చిన వీడియోలో మాత్రం మనవాడి మాట ఉంది, కీపరు నవ్వు లేదు, జవాబు లేదు. అక్కడికి కత్తిరించారు. పైన ఒక వాక్యం రాశారు: స్వామివారి ప్రసాదాన్ని మైదానంలో అవమానించిన నంద్యాల ఆటగాడు. తెల్లారేసరికి అది జూపాడు బంగ్లాలో పొలానికి మందుకొట్టబోయే రైతు ఫోన్‌లోనూ ఉంది, ఎక్కడో దుబాయిలో ఉన్నవాడి ఫోన్‌లోనూ ఉంది. నొచ్చుకున్నవాళ్ళు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివాళ్ళు, నొచ్చుకోకపోతే బాగుండదని పంపించారు.

మనోభావం చాలా విచిత్రమైన అవయవం. ఒకరితో అన్న మాటకు అది ఇంకొకరి ఒంట్లో వాస్తుంది. ఆ మాట ఎవరితో అన్నారో అతను లేచి బురద దులుపుకుని సోడా తాగుతుంటాడు. వందమైళ్ళ అవతల మంచంమీద పడుకున్నవాడు గాయపడతాడు. ఎక్కడ తగిలిందో చూపించమంటే చూపించలేడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అతనికి బెంగళూరు పాత క్లబ్బు నుంచి పిలుపు వచ్చి ఉంది. చిన్నవాళ్ళ జట్టుకు కోచ్‌గా రమ్మన్నారు. మోకాలు పోయినప్పటి నుంచీ అతను ఎదురుచూసింది దానికోసమే. అంగడిని తమ్ముడికి అప్పజెప్పే ఏర్పాట్లు కూడా చేసుకున్నాడు. వీడియో అక్కడికీ చేరింది. వాళ్ళు పద్ధతిగానే మాట్లాడారు. వెంటనే బహిరంగంగా క్షమాపణ చెప్పి గొడవ ముగిస్తే వచ్చి చేరవచ్చన్నారు, లేదంటే వాళ్ళకు ఇబ్బందన్నారు.

నేను, మా హేతువాద చర్చావేదిక మిత్రులు ఇద్దరు, అంగడికి వెళ్ళాం. భావప్రకటనా స్వేచ్ఛ మీద సభ పెడతామనీ, అతను వేదికమీద కూర్చుంటే చాలనీ చెప్పాం. అతను అగరొత్తులు వెలిగించి, గల్లాపెట్టె పైనున్న నరసింహస్వామి పటం చుట్టూ తిప్పుతున్నాడు. తిప్పడం అయ్యాక మా వైపు తిరిగాడు.

"అన్నా, నేను శనివారం ఒంటిపూట తినేవాణ్ణి. మీ సభలో దేవుడు లేడంటారు. నేనాడ కూర్చుంటే ఇంగ బాగుంటాది నా బతుకు."

"దేవుడి సంగతి ఎత్తం. నీ హక్కు గురించే మాట్లాడతాం" అన్నాను.

"ఏం హక్కన్నా? దేవుణ్ణి ఎగతాళి చేసే హక్కా? నేను చేయలా గదా. చేసినాడని వాళ్ళంటాండారు. చేసినా తప్పులేదని మీరంటాండారు. ఇద్దురూ చేసినాడనే అంటాండారు. నేను అన్నింది స్వామిని కాదు, వాని చేతుల్ని. వాని చేతులు ఆ పొద్దు బాలేవు."

నా మిత్రుడొకడు ఏదో చెప్పబోయాడు. అంతలో ఒకామె వచ్చి అరకిలో కందిపప్పు అడిగింది. అతను పొట్లం కట్టి ఇచ్చాడు. ఆమె వెళ్ళిపోయాక, "ఈ వారంలో వచ్చిన గిరాకీ ఈమొక్కతే" అన్నాడు.

కీపరు ఏమంటున్నాడో ఎవరైనా అడిగారా అన్నాను. అడగలేదు. లక్షలమంది అతని తరఫున కోపగించుకున్నారు గాని ఒక్కరూ అతన్ని అడగలేదు. అతనూ నేనూ ఆళ్ళగడ్డ బస్సెక్కాం.

కీపరు ఇంటి ముందు మంచంమీద వాళ్ళ నాయన కూర్చుని ఉన్నాడు. పెద్ద వయసు, వంటపొగకు ఎర్రబడ్డ కళ్ళు. మనవాడు చెప్పులు వీధిలోనే విడిచి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వేనా అప్పా పులిహోర?" అన్నాడు పెద్దాయన.

"నేనే స్వామీ. మీకు నొప్పి తగిలింటే..."

"కూచో. మా వంటశాలలో గరిటె జారితే మేము ఇంతకన్నా పెద్దమాటలే అనుకుంటాం. మా స్వామి స్తంభం చీల్చుకొని వచ్చినాయన. నంద్యాల అంగడాయన పులిహోర మాటకు కదిలిపోతాడా? ఆయనకేం పనిల్యా?" లోపలికి తిరిగి, "బంతి పట్టడం రాక ఇంత గొడవ తెచ్చినాడు మావాడు" అని కేకేశాడు.

కీపరు బయటికి వస్తూ, "వాన నాయనా, బంతి జారింది" అన్నాడు.

"వాన వానికి పడల్యా?"

దేవుడు లేడనే నేను, ఉన్నాడనే ఆ పెద్దాయన, ఆ పూట ఒకే మంచంమీద కూర్చుని ఒకే మాటమీద ఉన్నాం. నా జీవితంలో అలాంటి పూటలు ఎక్కువ లేవు.

అక్కడికక్కడే కీపరు తన ఫోన్‌లో మాట్లాడి వీడియో పెట్టాడు. చిన్న వీడియో. "వాడు అన్నింది నన్ను. నవ్వింది నేను. తిరిగి అన్నింది కూడా నేనే. అది కోసేసినారు. మాది స్వామి సేవ చేసే ఇల్లు, మాకు కోపం రాలా. మీకెందుకు వస్తాండాది?" అన్నాడు. ఇంతకన్నా తర్కబద్ధమైన మాట నేను ఏ సభలోనూ వినలేదు. దీనితో ముగుస్తుందనుకున్నాం.

నిజం బయటికి వస్తే జనం సిగ్గుపడతారని నమ్మేవాళ్ళం మేం. సిగ్గుపడలేదు. కోపం దిశ మార్చుకుంది, అంతే. సొంత దేవుడి మీద గౌరవం లేనివాడు ప్రసాదం ఎలా పెడతాడన్నారు. ఆ చేతులతో పెట్టింది తినేది లేదన్నారు. స్నేహితుడి కోసం స్వామిని అమ్ముకున్నాడని ఒకడు రాస్తే దానికింద చప్పట్ల బొమ్మలు. సాయంత్రానికి వాళ్ళ బంధువులు ఇంటికి వచ్చి కూర్చున్నారు. వచ్చే ఉత్సవానికి వాడు ప్రసాదం దగ్గర నిలబడకపోతే అందరికీ మంచిదన్నారు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆ వరుస తప్పింది లేదు. పెద్దాయన ఆ రాత్రి తినలేదని మర్నాడు కీపరు ఫోన్‌లో చెప్పాడు. "నేను చూసుకుంటాలేప్పా, నువ్వు గమ్మునుండు" అని కూడా చెప్పాడు.

మనవాడు గమ్మునుండలేదు. పాత బజారు పెద్దమనుషుల దగ్గరికి తనే వెళ్ళాడు. మన ప్రాంతంలో పోలీసుస్టేషన్ కన్నా ముందు నడిచేది వాళ్ళ పంచాయితీ. క్షమాపణ చెబితే కీపరు పేరు ఇంకెవరూ ఎత్తరని మాట తీసుకున్నాడు. వద్దని నేను అన్నాను. నువ్వు చేయని తప్పు ఒప్పుకుంటే అది నిజమైపోతుందన్నాను.

"నాకు తెలుసన్నా" అన్నాడు. "పెద్దాయన తినలా. ఇంగేం మాట్లాడతావు?"

క్షమాపణ ఆ మ్యాచ్ జరిగిన కాలేజీ గ్రౌండులోనే, అదే గోల్ ముందు. చేతులు జోడించి నిలబడమన్నారు. చెప్పవలసిన మాటలు వాళ్ళే చెప్పారు. అతను చెప్పాడు. ఫోన్ పట్టుకున్నవాడు చూసుకుని, "గొంతు సరిగ్గా ల్యాదన్నా, తల ఇంగా కొంచెం దించు, మళ్ళా ఒకసారి" అన్నాడు. మళ్ళీ చెప్పాడు. ఈసారి ఎవరో స్కూటరు హారన్ కొట్టారని ఇంకోసారి చెప్పించారు. మూడోసారి అతని గొంతులో ఏమీ లేదు. అదే బాగుందన్నారు.

కేరళ స్టేడియాల్లో జనం హోరుమధ్య నవ్వుతూ నోరు చేసుకున్న మనిషి. ఒక ఫోన్ ముందు ఎంత వంగితే సరిపోతుందో కనుక్కుంటూ నిలబడ్డాడు. మా మిత్రులు వేదికమీద ఉపన్యాసాలిస్తారు, నేను వ్యాసాలు రాస్తాను. అక్కడ ఏ వాక్యమూ పనికి రాలేదు.

ఆ వీడియో కింద జనం కురిపించిన ప్రశంస చూడాలి. ఇదీ సంస్కారం. ఇదీ నిజమైన క్రీడాస్ఫూర్తి. తప్పు ఒప్పుకోవడంలోనే గొప్పతనం. నిన్నటిదాకా అంగడి తగలబెట్టాలన్నవాళ్ళే రాశారు. కీపరు జోలికి ఎవరూ వెళ్ళలేదు, పెద్దమనుషులు మాట నిలబెట్టుకున్నారు. బెంగళూరు ఉద్యోగంలో ఈలోగా వేరొకరు చేరారు. ఆ సంగతి అతను నాకు చెప్పలేదు, తమ్ముడు చెప్పాడు.

మరుసటి దసరాకు నంద్యాల, ఆళ్ళగడ్డ మళ్ళీ ఆడాయి. అతను వచ్చాడు. ఆట మొదలైన కాసేపటికే నాకు ఏదో తేడాగా అనిపించింది. బూట్ల చప్పుడు వినపడుతోంది. గోల్లోంచి కీపరు, "ఏందప్పా, అంగడి కట్టేసినావా?" అన్నాడు. జవాబు లేదు. "చింతపండు ఎట్లుండాది ఈ సారి?" అన్నాడు. లేదు. రెండో సగంలో మనవాడు ఒక గోల్ కొట్టాడు, మంచి గోల్. కీపరు లేచి, చేతులు చాపి, అతను వంగి అడుగుతాడని అలాగే నిలబడ్డాడు. అతను తల వంచుకుని వెనక్కి నడిచిపోయాడు. టెంటు కింద పెద్దలు చప్పట్లు కొట్టారు, పద్ధతి నేర్చుకున్నాడని.

ఆట అయ్యాక కీపరు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, వాడు నోరు తెరిస్తేనే యాడికి కొడతాడో నాకు తెలిసేది. ఇప్పుడు గోడతో ఆడినట్టుండాది" అని నవ్వబోయి మానేశాడు.

అంగట్లో కూడా అంతే అయింది. పొట్లం కట్టి ముందుకు తోసేవాడు. ఇంకేం కావాలని అడిగేవాడు కాదు. గిరాకీయే గుర్తుపెట్టుకుని చెప్పుకోవాలి. ఒకసారి నేను, "ఇంకేమన్నా కావాలా అని అడగవా?" అన్నాను. దారం గాల్లోకి విసరకుండా, మామూలుగా చుడుతూ, "ఎవురికి ఏం తగుల్తాదో ఏమన్నా" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు.

అతను గుండె ఆగి పోయాడని డాక్టరు చెప్పాడు. నేను హేతువాదిని, డాక్టరు మాటే నమ్ముతాను. జనం మాటలు తగిలి చనిపోయాడని రాయను. చనిపోకముందు రెండున్నరేళ్ళకు పైగా అతను మాట్లాడలేదని మాత్రం రాస్తాను.

ఇప్పుడు మ్యాచ్ నడిపే కమిటీ కొత్త ఆలోచన చేసింది. ఈ దసరా మ్యాచ్ నుంచి అతని పేరుమీద ఒక కప్పు ఇస్తారట. దాని పేరు క్రీడాస్ఫూర్తి కప్పు. మ్యాచ్ మొత్తం మీద ఎదుటి జట్టును ఒక్క మాట కూడా అనని ఆటగాడికి ఇస్తారు. ఇచ్చే ముందు తెరమీద అతని వీడియో వేస్తారు. ఏ వీడియోనో మీకు చెప్పనక్కర్లేదు. తలదించి, మూడోసారి తీసింది.

ఆ కప్పు కీపరు చేతుల మీదుగా ఇప్పించాలని కమిటీ నిర్ణయం. నిన్న అతను ఫోన్ చేశాడు.

"ఏం చేయమంటావన్నా? రానంటే మళ్ళా ఇంటిమీదికి వస్తారు. నాయనకు ఇప్పుడు అంత శక్తి ల్యాదు. వస్తే, ఆ వీడియో కింద నిలబడి ఆ కప్పు నేనే ఇయ్యాల. వాడు నోటితోనే ఆడినాడన్నా. నోరు మూసుకున్నోనికి వాని పేరుతో కప్పు ఎట్లిస్తాను?"

నేను అతనికి ఏం చేయమని చెప్పాలి? నిలబడు, నిజం చెప్పు అనాలా? ఒకసారి నిలబడ్డాడు, నిజం చెప్పాడు. అతని వెనుక ఎవరూ లేరు. మేం ముగ్గురు నలుగురం ఉన్నాం గాని మేం దేవుడు లేడనేవాళ్ళం, మేం పక్కన నిలబడితే అతనికి ఇంకా చేటు. అతనికి కావలసింది మీరు. దండం పెట్టుకునేవాళ్ళు, ప్రసాదం కళ్ళకద్దుకుని తినేవాళ్ళు, ఆ పులిహోర వీడియో, క్షమాపణ వీడియో రెండూ చూసి రెండుసార్లూ పక్కవాడికి పంపినవాళ్ళు. మీరు చెబితే కమిటీ వింటుంది, ఎందుకంటే వాళ్ళు భయపడేది మీకే.

కనుక దసరా మ్యాచ్‌కు రండి. నంద్యాల కాలేజీ గ్రౌండు, టికెట్టు లేదు. ముందుగా వచ్చి టెంటు దగ్గర నిలబడండి. కమిటీ వాళ్ళను కలిసి, ఆ వీడియో వేయవద్దని చెప్పండి. ఆ కప్పు మీద అతని పేరు చెక్కవద్దని చెప్పండి. మా మనసులేం నొచ్చుకోలేదు, ఆ మాటకు మేమూ నవ్వామని మీ నోటితో మీరు చెప్పండి. గోల్‌కీపరు చేతిలో వాళ్ళు కప్పు పెట్టేలోపే చెప్పండి.